చెయ్యి తిరగడమంటే: వెబ్ కామిక్స్, గీత, ప్రతిభ

"విషయం చాలా గొప్పగా ఉంది. గీతే ఇంకా రావాలి."

దళిత విద్యార్థులు వేసిన బొమ్మల కథల గురించి సభల్లోనూ తరగతి గదుల్లోనూ తరచుగా వినపడే మాట ఇది. పొగడ్తగా మొదలై తీర్పుగా ముగుస్తుంది. చెప్పినవాళ్ళకి దురుద్దేశం ఉండకపోవచ్చు. కానీ ఈ మాటలో ఒక పంపకం ఉంది. విషయం నీది, ఎందుకంటే నువ్వు దళితుడివి, బాధ నీకు పుట్టుకతో వచ్చింది. గీత మాది, అది తరాల సాధనతో వచ్చింది, నువ్వు వచ్చి నేర్చుకోవాలి. అంటే బాధ మనకి వారసత్వం, నైపుణ్యం వాళ్ళకి వారసత్వం. ఊరికి ఇటు కొంత, అటు కొంత అన్నట్టు కళని కూడా రెండుగా చీల్చి పెట్టిన పంపకం ఇది.

కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత వచ్చిన దళిత కవిత్వాన్ని కూడా ఇదే తక్కెడలో తూచారు. నినాదమన్నారు, ఆవేశమన్నారు, కవిత్వం కాలేదన్నారు. 1995లో వచ్చిన సంకలనానికి 'చిక్కనవుతున్న పాట' అని పేరు పెట్టుకున్నాం. ఆ తర్వాత వచ్చినదాని పేరు 'పదునెక్కిన పాట'. ఆ పేర్లలోనే ఒక జవాబుంది. పాట మారుతోందనీ, చిక్కబడుతోందనీ, పదునెక్కుతోందనీ చెప్పుకున్నది మనమే. ఎవరి ఎదుటా పరీక్ష రాయడానికి కాదు, మన పని మనమే చూసుకోవడానికి.

బొమ్మల దగ్గర ఆ పని మనం ఇంకా సరిగ్గా మొదలుపెట్టలేదు. బొమ్మలేసేవాళ్ళు లేక కాదు, చాలామంది ఉన్నారు. వాళ్ళ బొమ్మల గురించి వివరంగా మాట్లాడే విమర్శే లేదు. ఆ కొరత తీరాలంటే ముందు ఒక ప్రశ్న తేల్చుకోవాలి. బొమ్మలేసేవాళ్ళ చెయ్యి ఎట్లా తిరుగుతుంది? కాలం గడిచేకొద్దీ ఏది మెరుగుపడుతుంది? దీన్ని చూడటానికి వెబ్ కామిక్ కంటే మంచి చోటు లేదు.

ఎందుకంటే అక్కడ తొలి బొమ్మలు దాగవు. పత్రికల రోజుల్లో కార్టూనిస్టు పంపిన బొమ్మ నచ్చకపోతే తిరుగు టపాలో ఇంటికొచ్చేది. అట్లా తిరిగొచ్చిన కట్టలు ట్రంకు పెట్టెల్లో ఉండిపోయేవి. పాఠకుడు చూసేది నిలబడ్డ చేతినే గానీ తడబడ్డ చేతిని కాదు. అందుకే ఫలానాయన పుట్టుకతోనే కళాకారుడన్న కథలు సులభంగా పుట్టాయి. వెబ్ కామిక్‌కి సంపాదకుడు లేడు, అచ్చు యంత్రం లేదు. వేసినవాళ్ళు వేసినట్టే ఇంటర్నెట్‌లో పెడతారు. మొదటి బొమ్మ నుంచి నిన్నటి బొమ్మ దాకా వరసగా అక్కడే ఉంటుంది. ప్రతిభ దైవదత్తమని చెప్పేవాళ్ళకి ఆ వరస చూపిస్తే చాలు.

అమెరికాలో జెఫ్ జాక్వెస్ అనే ఆయన 2003 ఆగస్టులో 'క్వశ్చనబుల్ కంటెంట్' మొదలుపెట్టాడు. ఒక చిన్న పట్నంలో కాఫీ కొట్టు చుట్టూ తిరిగే కుర్రకారు కబుర్లు. మొదటి ఏడాది బొమ్మలు చూస్తే నవ్వొస్తుంది. మనుషులు కొయ్యల్లా నిలబడి ఉంటారు, మొహాలన్నీ దాదాపు ఒకటే. ఐదేళ్ళ తర్వాతివి చూస్తే వేరే మనిషి వేశాడా అనిపిస్తుంది. భుజాలు వంగుతాయి, చేతులు మాట్లాడతాయి, మనిషికో మొహం వస్తుంది. ఇవాళ్టికి ఐదు వేల పైచిలుకు కామిక్స్ అయ్యాయి. రహస్యమేమీ లేదు. వారానికి ఐదు రోజులు వేశాడు, ఇరవై ఏళ్ళకు పైగా వేశాడు. చెయ్యి తిరగక ఏం చేస్తుంది?

అయితే ఈ కథని ఇంతటితో ఆపి పట్టుదలకి నీతి కథగా చెప్పడం అబద్ధమవుతుంది. మొదలుపెట్టిన మరుసటి ఏడాదే, 2004లో, అతను ఉద్యోగం మానేసి ఇదే జీవనంగా పెట్టుకోగలిగాడు. చొక్కాల మీద బొమ్మలచ్చేసి అమ్మాడు, తర్వాత పాఠకులు నెలనెలా ఇచ్చే డబ్బు తోడైంది. అంటే వారానికి ఐదు రోజుల సాధనకి కూలి దొరికింది. సాధన చేస్తే వస్తుందన్న మాట నిజమే. ఆ సాధనకి ఎవరికి రోజులున్నాయన్నది అంతకంటే ముందు రావాల్సిన ప్రశ్న. ఫెలోషిప్ ఆరు నెలలకోసారి వచ్చే పిల్లవాడు, పగిలిన ఫోను మీద వేలితో గీసే పిల్ల, సెలవలకి ఇంటికెళితే కోతలకి పోయే వాళ్ళు ఐదు వేల బొమ్మలు వేయడానికి ఎన్నేళ్ళు పడుతుంది? ఇరవయ్యో బొమ్మ దగ్గర ఉన్నవాణ్ణి ఐదు వేలో బొమ్మ దగ్గరున్నవాడితో పోల్చి 'గీత రాలేదు' అంటే దాన్ని విమర్శ అనడం కష్టం. పరీక్ష హాలు బయట నిలబెట్టి మార్కులు అడగడం లాంటిదది.

ఇంకో వింత చూడండి. రాండల్ మన్రో అనే ఆయన నాసాలో పనిచేసిన మనిషి, 2005 నుంచి 'ఎక్స్‌కేసీడీ' అనే వెబ్ కామిక్ వేస్తున్నాడు. అందులో మనుషులు పుల్ల బొమ్మలు. గుండ్రటి తల, గీత లాంటి ఒళ్ళు, కళ్ళూ ముక్కూ లేవు. ప్రపంచమంతా చదువుతుంది, పుస్తకాలు వేలం వెర్రిగా అమ్ముడుపోతాయి. ఇన్నేళ్ళలో ఆయన్ని 'నీకు గీత రాలేదు' అని తప్పుపట్టే విమర్శకుడు పెద్దగా కనపడడు. దాన్ని శైలి అంటారు, సరళత అంటారు, వివేకం అంటారు. లెక్కలూ భౌతికశాస్త్రమూ తెలిసినవాడు పుల్ల బొమ్మ వేస్తే ఎంపిక, మనవాడు వేస్తే చేతగానితనం! గీత ఒక్కటే, దాని వెనక నిలబడ్డ మనిషిని బట్టి పేరు మారుతోంది.

ఆ పుల్ల బొమ్మ గురించి ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. దానికి మొహం లేదు గనక రంగు లేదు, చెప్పులు లేవు, కులం లేదు. అది 'మనిషి'. అట్లా వట్టి మనిషిగా కనపడే సౌకర్యం ఈ లోకంలో కొందరికే ఉంది. మన దేశంలో రచితా తనేజా 2014 నుంచి 'శానిటరీ పానెల్స్' పేరుతో పుల్ల బొమ్మలే వేస్తోంది. అధికారంలో ఉన్నవాళ్ళని సూటిగా పొడుస్తుంది. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ధిక్కార చర్యలకి అటార్నీ జనరల్ అనుమతి ఇచ్చేదాకా పోయింది వ్యవహారం. పుల్ల బొమ్మకి అంత బలం ఉందన్నమాట. మొదట నేను పుల్ల బొమ్మతో అంటరానితనాన్ని చూపలేమనుకున్నాను. తర్వాత నా మాట నాకే తప్పనిపించింది. అంటరానితనమంటే దూరమే గదా. ఎత్తు నుంచి నీళ్ళు పోసే చెయ్యికీ, కింద పట్టిన దోసిలికీ మధ్య ఉన్న ఆ జానెడు ఖాళీ. రెండు పుల్లలూ ఒక ఖాళీ చాలు. ఆ ఖాళీని ఎంత పెట్టాలో తెలియడమే అక్కడ చెయ్యి తిరగడం.

అంటే మెరుగుపడటమంటే నున్నగా వేయడం కాదు. దీన్ని నాకు బాగా అర్థం చేయించింది కేట్ బీటన్ పని. ఆమె కెనడా తూర్పు కొసన కేప్ బ్రెటన్ దీవి మనిషి. బొగ్గు గనులూ చేపల వేటా దెబ్బతిని, తరతరాలుగా పనికోసం వలస పోయే ఊళ్ళవి. మన పాలమూరు వాళ్ళకి ఆ కథ చెప్పనక్కరలేదు. చదువు కోసం తీసుకున్న అప్పు తీర్చడానికి 2005లో అల్బర్టా రాష్ట్రంలోని చమురు ఇసుక గనులకి వెళ్ళింది. పనిముట్లు ఇచ్చి పుచ్చుకునే గదిలో ఉద్యోగం, కంపెనీ క్యాంపుల్లో బస. చుట్టూ అందరూ మగవాళ్ళు. అక్కడుండగానే 2007లో ఇంటర్నెట్‌లో బొమ్మలు పెట్టడం మొదలుపెట్టింది. అవి చరిత్ర మీద హాస్యం. రాజులూ రచయిత్రులూ విప్లవకారులూ గబగబా గీసిన సిరా గీతల్లో వెర్రి మొహాలేసుకుని కనపడతారు. 'హార్క్! ఎ వాగ్రంట్' పేరుతో పేరొచ్చింది.

గని కథ మాత్రం వెంటనే చెప్పలేదు. 2014లో 'డక్స్' అనే పేరుతో ఐదు భాగాల చిన్న కామిక్ పెట్టింది. చిత్తు పుస్తకంలో గీసుకున్నట్టుండే గీతలు. 2008లో ఒక చమురు కంపెనీ మురుగు చెరువులో వాలి పదహారు వందల పైచిలుకు బాతులు చచ్చిపోయాయి. ప్రపంచమంతా బాతుల గురించి మాట్లాడింది. ఆ గనుల్లో మనుషులకి ఏమవుతోందో ఎవరూ అడగలేదన్న నొప్పి ఆ గీతల్లో ఉంది. తర్వాత ఎనిమిదేళ్ళు పట్టింది. 2022లో అదే పేరుతో నాలుగు వందల పేజీలు దాటిన పుస్తకం వచ్చింది.

ఆ ఎనిమిదేళ్ళలో ఏం మెరుగుపడింది? మొహాలు ఇప్పటికీ సాదాగానే ఉంటాయి, రెండు చుక్కల కళ్ళు, చిన్న గీత నోరు. కానీ యంత్రాలు మారాయి. ఇంటి కంటే పెద్ద ట్రక్కులు, పొగగొట్టాలు, మంచులో పరుచుకున్న క్యాంపు గదులు పేజీ నిండా బూడిద రంగులో కొలత తప్పకుండా నిలబడతాయి. ఆ పెద్దవాటి పక్కన రెండు చుక్కల మొహం ఎంత చిన్నదో అప్పుడు తెలుస్తుంది. ఇక 2014 నాటి గీతల్లో అంతగా బయటపడని సంగతి, ఆ క్యాంపుల్లో ఆడమనిషిగా తనమీద జరిగిన అత్యాచారం, పుస్తకంలో ఉంది. దాన్ని నేరుగా బొమ్మ కట్టదు. ముందూ వెనకా ఉన్న మామూలు మాటల మధ్య మనల్ని నిలబెడుతుంది. చూపకూడనిదాన్ని చూపకుండా చెప్పడం ఆమెకి హాస్యం గీసిన ఏళ్ళలోనే అబ్బింది. ఎక్కడ మాట ఆపాలి, ఏ గడిలో ఎవరూ మాట్లాడకూడదు అన్నది నవ్వించే పనిలోనే నేర్చుకుంటారు. జోకు పేలాలంటే ఆగడం తెలియాలి గదా. అక్కడ నేర్చిన విద్యని ఇక్కడ వాడింది.

ఇంకోటి. తనని బాధపెట్టిన మగవాళ్ళని రాక్షసులుగా గీయలేదు. ఇళ్ళకి దూరంగా, ఒంటరితనంలో పాడైపోతున్న కూలీలుగా కూడా చూసింది. అట్లాగని క్షమించేసిందీ లేదు. ఈ రెండింటినీ ఒక చేత్తో పట్టుకోవడం సామాన్యమైన పని కాదు. అయితే మన వైపు నుంచి ఒక లోపం చూపాలి. ఆ నేల ఆదివాసులది. వాళ్ళ గొంతు పుస్తకంలో చాలా ఆలస్యంగా, ఒక క్రీ జాతి వృద్ధురాలి మాటలుగా, అదీ కంప్యూటర్ తెర మీద వినపడుతుంది. బీటన్‌కి ఆ సంగతి తెలుసు, తెలిసే అట్లా పెట్టింది. అక్కడున్న రెండేళ్ళూ ఆ మనుషులు తనకి కనపడలేదని ఒప్పుకోవడం నిజాయితీ. కనపడకపోవడం అంతకు ముందు జరిగిన నేరం. చెయ్యి ఎంత తిరిగినా చూపు ఆగిన చోట గీత ఆగిపోతుంది.

చేతికి చూపు తోడు రాకపోతే ఏమవుతుందో తెలియడానికి మనం కెనడా దాకా పోనక్కరలేదు. శంకర్ కంటే చెయ్యి తిరిగిన కార్టూనిస్టు ఈ దేశంలో ఎవరు? 1949లో ఆయన వేసిన బొమ్మలో రాజ్యాంగం ఒక నత్త. దాని మీద అంబేడ్కర్ కొరడా పట్టుకుని కూర్చున్నాడు. వెనక నెహ్రూ కొరడా ఎత్తి ఉన్నాడు. జనం చూస్తున్నారు. 2012లో ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పాఠ్యపుస్తకంలోని ఆ బొమ్మ మీద పార్లమెంటులో గొడవ జరిగినప్పుడు, దళితులకి హాస్యం అర్థం కాదన్నట్టు మాట్లాడిన మేధావులెందరో. నెహ్రూ కొట్టేది నత్తనే గానీ అంబేడ్కర్‌ని కాదని వివరించారు. బొమ్మలో ఆ కొరడా ఎవరి వీపు వెనక లేచిందో కళ్ళున్న ఎవరికైనా కనపడుతుంది. ఆ చోటుని అట్లా కూర్చడం తడబాటు కాదు, నైపుణ్యం. చెయ్యి బాగా తిరిగింది గనకనే అవమానం అంత సాఫీగా నవ్వులో కలిసిపోయింది.

దీనికి జవాబు తెలుగు నేల నుంచి వెళ్ళిన మనిషి దగ్గర్నుంచి వచ్చింది. విజయవాడ నుంచి వెళ్ళి జేఎన్‌యూలో కార్టూన్ల మీద పరిశోధన చేసిన శ్యామ్ సుందర్ ఉన్నమటి, 1932 నుంచి 1956 దాకా ఆంగ్ల పత్రికల్లో అంబేడ్కర్ మీద వచ్చిన వందకు పైగా కార్టూన్లని గ్రంథాలయాల్లోంచి తవ్వి తీశాడు. 2019లో నవయాన వాళ్ళు 'నో లాఫింగ్ మాటర్' పేరుతో వేశారు. వరసగా చూస్తే ఒక్కో బొమ్మలో హాస్యంలా కనపడింది పుస్తకంలో పద్ధతిలా కనపడుతుంది. అంబేడ్కర్‌ని పొట్టిగా, చిన్నపిల్లవాడిగా, ఆడవేషంలో మళ్ళీ మళ్ళీ గీశారు. గాంధీ నెహ్రూల పక్కన కొలత తగ్గించి గీశారు. కొలత తగ్గించడమనేది బొమ్మల విద్యలో మొదటి పాఠం.

ఇక్కడ నాకు ముఖ్యమైంది ఇంకోటుంది. ఈ శ్యామ్ సుందర్ స్వయంగా కార్టూనిస్టు, ఫేస్‌బుక్‌లో బొమ్మలు పెట్టినవాడు. మనల్ని అవమానించిన గీతల్ని ఏళ్ళ తరబడి కూర్చుని ఒక్కొక్కటీ చదివాడు. కార్టూనిస్టుకి అంతకు మించిన సాధన ఏముంటుంది? అగ్రవర్ణ చిత్రకారుడు గురువుల బొమ్మలు నకలు చేసి నేర్చుకుంటాడు. మనకి ఆ గురువులు మనల్ని ఎట్లా వేశారో చదవడమే మొదటి బడి అవుతోంది. ఇది న్యాయం కాదు గానీ ఆ బడిలో ఒక సంగతి ఖాయంగా వస్తుంది. గీత ఎప్పుడూ అమాయకంగా ఉండదని తెలుస్తుంది.

మన పిల్లలు పెరిగిన బొమ్మల పుస్తకాల్లో 'అమర్ చిత్ర కథ' పెద్దది, 1967 నుంచి వచ్చింది. అంబేడ్కర్ మీద 1979లో ఒక సంచిక వేశారు. ఆ సంచికలతో పాటు గీత బాగుపడింది, రంగులు బాగుపడ్డాయి. రాక్షసుడి ఒంటి రంగు మాత్రం చాలాకాలం నల్లగానే ఉండిపోయింది. దేవుడు తెలుపో నీలమో. ఆ పుస్తకాల్లోంచి బొమ్మలు దిద్దుకున్న చెయ్యి, అది మన చెయ్యే అయినా సరే, చెడ్డవాణ్ణి వేయాల్సి వస్తే తెలియకుండానే నలుపు వైపు పోతుంది. మా విద్యార్థుల బొమ్మల్లో దొర ఎట్లా ఉంటాడో చూడండి: నల్లటి మనిషి, గుబురు మీసం, పెద్ద పొట్ట. అసలు దొరలు అట్లా ఉన్నారా? వాళ్ళలో పచ్చగా, సన్నగా, మెత్తగా మాట్లాడేవాళ్ళు మనకి తెలియదా? ఆ మెత్తదనాన్ని గీయడం నేర్చుకోవాలి. కష్టమైన గీత అది.

ఆ పాత చూపుని పూర్తిగా వదిలించుకున్న పని ఒకటుంది. వెబ్‌లో వచ్చింది కాదు, 2011లో అచ్చైన పుస్తకం 'భీమాయన'. మాటలు శ్రీవిద్యా నటరాజన్, ఎస్. ఆనంద్‌లవి. బొమ్మలు మధ్యప్రదేశ్‌కి చెందిన పర్ధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్‌లవి. కామిక్ అంటే గడులు. మనుషుల్ని గడుల్లో బంధించడం తమవల్ల కాదన్నారు వాళ్ళు. ఇళ్ళ గోడల మీద, నేల మీద వేసే 'దిగ్నా' అల్లికలతో పేజీని విడదీశారు. మాటల బుడగల సంగతి మరీ చూడాలి. మెత్తని మాటకి, బాధపడ్డవాళ్ళ మాటకి పక్షి ఆకారం. కులం పేరుతో విషం కక్కే మాటకి తేలు కొండి. మనసులో అనుకునే మాటకి కన్ను. చదువు రాని పిల్లవాడు కూడా ఎవరి మాట కుడుతుందో చూసి చెప్తాడు. ఇది ఏ ఆర్ట్ కాలేజీలో నేర్పిన గీత? వాళ్ళ ఇళ్ళ గీతే, కొత్త పనికి వంగింది. మెరుగుపడటం అంటే తనది వదిలి వేరేది నేర్చుకోవడమే అనుకునేవాళ్ళు ఈ పుస్తకం దగ్గర ఆగి ఆలోచించాలి. దళితుల కథని ఆదివాసులు గీయడం, అగ్రవర్ణ రచయితలు రాయడం మీద చర్చ ఉంది, ఉండాలి కూడా. ఆ చర్చ వల్ల తేలు కొండి విలువ తగ్గదు.

ఇక మన వెబ్ బొమ్మల దగ్గరికి రావాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో 2015 దాకా చదరపు బొమ్మ తప్ప వేరే ఆకారం లేదు. 2017లో ఒకే పోస్టులో పది బొమ్మల దాకా వరసగా పెట్టే వీలొచ్చింది, 2024లో అది ఇరవై అయింది. ఆ చదరంలో బొమ్మ సులభంగా పోస్టరవుతుంది, నినాదమవుతుంది. ఏప్రిల్ 14న, డిసెంబర్ 6న మన ఫోన్లు నీలం రంగుతో నిండిపోతాయి. నీలం సూటు, కళ్ళజోడు, చేతిలో పుస్తకం, ఎత్తిన వేలు. మనవాళ్ళలో చెయ్యి తిరిగినవాళ్ళు లేరని కాదు. బేకరీ ప్రసాద్ పేరుతో బొమ్మలేసే సిద్ధేష్ గౌతమ్, 'ఆర్టెడ్కర్' పేరుతో నీలాన్నే ఒక భాష చేసుకున్న రాహీ పుణ్యశ్లోక లాంటివాళ్ళు ఈ పదేళ్ళలో చాలా దూరం నడిచారు. నేను మాట్లాడేది ఇప్పుడిప్పుడే మొదలుపెట్టే మన పిల్లల గురించి.

వాళ్ళు బాబాసాహెబ్‌ని విగ్రహంగా వేస్తున్నారు. ఊళ్ళో విగ్రహం విగ్రహంగానే ఉండాలి. ఆ నాలుగు అడుగుల స్థలం కోసం మనం దెబ్బలు తిన్నాం. అక్కడ ఒకే భంగిమ మళ్ళీ మళ్ళీ రావడమే బలం. బొమ్మల కథకి అది చాలదు. కథలో మనిషి కూర్చోవాలి, చెమట పట్టాలి, ఆకలేయాలి. 1917లో బరోడాలో పార్సీల సత్రం నుంచి గెంటేస్తే, పెట్టె పట్టుకుని తోటలో చెట్టుకింద కూర్చుని ఏడ్చిన అంబేడ్కర్‌కి ఎత్తిన వేలు లేదు. అప్పుడాయనకి 26 ఏళ్ళు. కొలంబియాలో చదివొచ్చిన మనిషికి పడుకోవడానికి గది లేదు.

2016 జనవరి 17న చనిపోయిన రోహిత్ వేముల వయసు కూడా 26. హాస్టల్ నుంచి వెలివేస్తే అంబేడ్కర్ పటం పట్టుకుని గది ఖాళీ చేసి బయటికి నడిచిన ఆ ఫోటో మనందరి కళ్ళలో ఉంది. ఆ ఏడాది ఎంతమంది దాన్ని గీశారో లెక్కలేదు. దాదాపు అందరూ ఫోటోని ఫోటోలాగే గీశారు. తర్వాత నక్షత్రాలు కలిపారు, రెక్కలు కలిపారు. శోకంలో అట్లా గీయడం సహజం. తప్పు పట్టను. కానీ ఇన్నేళ్ళ తర్వాత కూడా నక్షత్రాలే గీస్తుంటే అడగాలి. నెలల తరబడి ఆగిపోయిన ఫెలోషిప్‌ని ఎట్లా గీస్తారు? అప్పులు అడిగి తెచ్చుకున్న నోట్లని? చలిలో వెలివాడ గుడారాన్ని? బరోడా గదినీ హైదరాబాద్ గదినీ రెండు గడులుగా పక్కపక్కన పెట్టి మధ్యలో ఒక్క మాటా రాయకుండా వదిలేస్తే ఏమవుతుంది? కవిత్వమూ వ్యాసమూ దాన్ని వివరించాలి, బొమ్మ పక్కన పెడితే చాలు. ఆ బలం మన చేతిలో ఉండి కూడా పోస్టర్‌తో సరిపెట్టుకుంటున్నాం.

ఈ మాటలు మన మధ్య చెప్పుకోకపోవడం వల్ల ఇంకో నష్టం జరుగుతోంది. బయట వాళ్ళు 'గీత రాలేదు' అని కొట్టిపారేస్తారు. లోపల మనం 'మనవాడు వేశాడు, బాగుంది జై భీమ్' అని మెచ్చేసి పక్కకి పోతాం. మొదటిది చిన్నచూపు. రెండోది దయ. దయ కూడా ఒక దూరమే. పిల్లవాడు వేసిన చెయ్యి ఎందుకు కొయ్యలా ఉందో, నాలుగో గడి ఎందుకు అక్కరలేదో, మాటలు బొమ్మని ఎందుకు మింగేశాయో కూర్చుని చెప్పేవాళ్ళు వాడికి కావాలి. లైకులు చూసి నేర్చుకోమంటే కష్టం. కోపానికి లైకులెక్కువ, మామూలు రోజుకి తక్కువ. లైకుల వెంట పోయినవాళ్ళ బొమ్మల్లో మనిషి ఎప్పుడూ ఏడుస్తూనో పిడికిలి ఎత్తుతూనో ఉంటాడు. మధ్యలో బతికే రోజులు మాయమైపోతాయి.

మా దగ్గర చదివే ఒకమ్మాయి బడిలో మధ్యాహ్న భోజనం వండే తన తల్లి మీద ఫోనులో బొమ్మలు వేస్తోంది. మొదటిదాంట్లో తల్లి తల వెనక వెలుగు చక్రం, చేతిలో జెండాలా ఎత్తిన గరిట, కింద పెద్ద అక్షరాల్లో నాలుగు వాక్యాలు. ఏడోదాంట్లో వెలుగు లేదు, వాక్యాలు లేవు. నేల మీద వరసగా కంచాలు, వాటి మీదుగా వంగిన ఒక చెయ్యి. ఒక కంచం మాత్రం వరసకి కొంచెం పక్కగా ఉంది. ఆ పిల్ల ఎవరో, ఎందుకు పక్కకి జరిగి కూర్చుందో చెప్పలేదు. జరిగిన దూరం మాత్రం సరిగ్గా ఉంది. ఇప్పుడా అమ్మాయి మొదటి ఆరూ సిగ్గుగా ఉన్నాయి, తీసేస్తానంటోంది. ఉంచమని నేనన్నాను. చేతుల గురించి మాత్రం ఇద్దరం ఒప్పుకున్నాం. వేళ్ళు ఇంకా రావట్లేదు. రోజూ సాయంత్రం తల్లి గిన్నెలు తోముతున్నప్పుడు ఎదురుగా కూర్చుని పది నిమిషాలు వేళ్ళే గీస్తానంది.